ముందు అతుకు, తర్వాతే వంపు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పలకలు కోసి, మేకులు కొట్టి బిగించే సామాను సంగతి కాదు ఈ నెల. శిల్పంలా చెక్కి, వంపులు తేల్చి చేతితో చేసే కుర్చీలు, బల్లల గురించి వచ్చిన ఉత్తరాలివి. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పొలం గట్టున ఉన్న 25 ఏళ్ల టేకు చెట్టు గాలివానకు కూలింది. దానితో చెక్కుడు కుర్చీ చేయించాలని కోరిక. మిల్లులో ఎంత మందం కోయించాలి? ఎన్నాళ్లు ఆరబెట్టాలి? – నిజామాబాద్ జిల్లా రైతు

జవాబు: ముందు అటవీ శాఖ పర్మిట్ తీసుకోండి. సొంత పొలంలోదైనా టేకు దుంగ బండెక్కించాలంటే ఆ కాగితం కావాలి.

సీటుకూ కాళ్లకూ రెండుంపావు అంగుళాల మందం, మిగతా ముక్కలకు ఒకటింపావు కోయించండి. ఆరి, చిత్రిక పట్టేసరికి రెండుంపావు కాస్తా దాదాపు రెండుకు వస్తుంది. చెక్కుడు పనిలో సగానికి పైగా కలప పొట్టుగా పోతుంది. చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి కావాలంటే మూడు నుంచి నాలుగు సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) చేతిలో ఉండాలి.

కోసిన రోజే పలకల రెండు కొసలకూ కరిగించిన మైనమో, పాత ఎనామిల్ పెయింటో దట్టంగా పూయండి. చెక్కలోని నీరు పక్కలనుంచి కంటే కొసలనుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ముందు ఆరి ముడుచుకుంటే, లోపల పచ్చిగా ఉన్న భాగం దాన్ని ముడుచుకోనివ్వదు. పగులు అక్కడే మొదలవుతుంది. నేలకు అడుగు ఎత్తున, నీడలో, గాలి ఆడేచోట పేర్చండి. ప్రతి రెండడుగులకూ అంగుళం మందం పుల్లలు పెట్టండి. కింది వరస పుల్లకు నిట్టనిలువునా పై వరస పుల్ల ఉండాలి. అది తప్పితే పలక అలలా వంగిపోతుంది. ఈ మందానికి రెండేళ్లు పడుతుందనుకోండి. అంత ఓపిక లేకపోతే సీజనింగ్ ప్లాంటుకు పంపండి.

ఆరిందో లేదో తట్టి చూసి చెప్పొద్దు. కొసనుంచి అడుగు లోపల అంగుళం ముక్క కోసి, వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. తర్వాత ఓటీజీ ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గనంతవరకూ ఉంచి మళ్లీ తూచండి. పోయిన బరువును ఎండిన బరువుతో భాగిస్తే తేమ శాతం వస్తుంది. 112 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగితే 12 శాతం. మీ ప్రాంతానికి 10 నుంచి 12 మధ్య ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

పాతికేళ్ల చెట్టులో చేవ (నడుమ ఉండే ముదురు చెక్క) తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. టేకుకు పురుగు పట్టదన్న మాట చేవకే వర్తిస్తుంది. తెల్లచెక్కలో పిండి పదార్థం ఉంటుంది, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. అందుకని చూపుకి ఎంత బాగున్నా అతుకులు పడేచోట తెల్లచెక్క రానివ్వకండి.

ప్రశ్న: శామ్ మలూఫ్ ఊగుడు కుర్చీ చూశాను. కాలు సీటుకు అతికించినట్టు కాక అందులోంచి మొలిచినట్టు ఉంది. ఆ జాయింటు ఇంటి గరాజీలో చేసుకోవచ్చా? – కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగు పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు. మలూఫ్ (1916–2009) మీ రాష్ట్రంలోనే పుట్టి అక్కడే పనిచేసిన లెబనాన్ సంతతి వడ్రంగి. 1985లో మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. చేతిపనివారిలో అది ఆయనకే మొదట దక్కింది. కాలు మొలిచినట్టు కనిపించడానికి రెండు కారణాలున్నాయి. కాలూ సీటూ ఒకదాన్నొకటి మూడువైపులా కరిచి పట్టుకుంటాయి. ఆ అతుకు దగ్గర కావాలనే ఎక్కువ చెక్క వదిలి, జిగురు ఆరాక మాత్రమే వంపు తీస్తారు.

కొలతలతో చెబుతాం. సీటు మందం 45 మి.మీ., కాలు మందం 50, వెడల్పు 95 అనుకోండి. సీటు పక్క అంచులో 75 మి.మీ. పొడవు, 25 మి.మీ. లోతు గాటు తీయండి. దాని మూడు గోడలూ మూలమట్టానికి సరిగ్గా నిలవాలి. ఇప్పుడు ఆ గాటు చుట్టూ పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి 10 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు మెట్టు తీస్తే నడుమ 21 మి.మీ. మందం నాలుక మిగులుతుంది. కాలికి లోపలివైపు మూడు ముఖాల మీదా 21 వెడల్పు, 10 లోతు గాడి తీయండి. నాలుక గాడిలో కూర్చుంటుంది, కాలి భుజాలు మెట్ల మీద కూర్చుంటాయి.

చాలామంది తడబడేది మెట్టు లోపలి మూలల దగ్గర. రౌటర్ (గాళ్లు, మెట్లు తీసే చేతి మిషన్) బిట్టు అక్కడ చదరపు మూల తీయలేదు, గుండ్రంగా వదులుతుంది. ఆ గుండ్రం బిట్టు వ్యాసంలో సగం. 32 మి.మీ. బిట్టుకు 16 మి.మీ. వస్తుంది. కాబట్టి కాలి లోపలి రెండు మూలల్నీ సరిగ్గా 16 మి.మీ. గుండ్రం బిట్టుతోనే తిప్పాలి. 12 మి.మీ. బిట్టుతో తిప్పి, కాలు లోపలికి దిగడం లేదని సుత్తితో కొడితే గాడి భుజం చీలుతుంది. రౌటర్ లేనివారికి ఈ బాధే లేదు. ఉలితో మెట్టు మూలలు చదరంగా తీసి, కాలి మూలల్ని అలాగే ఉంచితే సరి. అది కూడా అంతే గట్టిగా నిలుస్తుంది.

కాలు కర్రసుత్తి తేలిక దెబ్బలకు దిగాలి. చేత్తో నెడితేనే దిగిపోతే వదులన్నమాట. జిగురు పెట్టాక కాలి బయటి ముఖంనుంచి రెండున్నర అంగుళాల స్క్రూలు రెండు బిగించండి. సీటు పలకల నార (చెక్కలోని పీచులు సాగే దిక్కు) ముందునుంచి వెనక్కి పోతుంది కాబట్టి పక్కనుంచి వచ్చే స్క్రూ నారకు అడ్డంగా దిగి బలంగా పట్టుకుంటుంది. స్క్రూ తల కూర్చునే బెజ్జం మాత్రం 20 మి.మీ. లోతు ఉండాలి. తర్వాత వంపు తీసేటప్పుడు అక్కడ పది మి.మీ. దాకా చెక్కేస్తారు. బెజ్జం పైపైనే ఉంటే ఆకురాయి స్క్రూ తలకు తగులుతుంది, స్క్రూ కనబడకుండా దాని మీద కొట్టిన రోజ్‌వుడ్ బిళ్ల మొత్తం పొట్టయిపోతుంది.

మరో మాట. మీ గరాజీ పొడి గాలికి ఆరిన వాల్‌నట్‌తో చేసి కాకినాడలో అమ్మకు పంపాలనుకుంటే, అది వానాకాలంలో అక్కడ ఉబ్బుతుందని గుర్తుపెట్టుకోండి. ఈ అతుకు దాన్ని ఓర్చుకుంటుంది. సొరుగులూ తలుపులూ ఉన్న సామాను మాత్రం బిగుసుకుపోతుంది.

ప్రశ్న: సీటులో పల్లం ఎంత తీయాలి? తీసిన ప్రతిసారీ ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ వస్తోంది. – రాజమహేంద్రవరం వడ్రంగి

జవాబు: 45 మి.మీ. సీటుకు లోతైన చోట 20 మి.మీ. చాలు. ఎక్కడా 18 మి.మీ. కంటే పలచబడకూడదు. లోతు మధ్యలో రాకూడదు. వెనక అంచునుంచి ఐదారు అంగుళాల దూరంలో, పిరుదుల ఎముకలు ఆనేచోట ఉండాలి. అక్కడినుంచి ముందుకు నెమ్మదిగా పైకి లేచి, తొడలు ఆనే ముందంచు కిందికి ఒరిగిపోవాలి. ముందంచు పదునుగా వదిలితే పావుగంటకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అది అందానికి సంబంధించిన వంపు కాదు.

సీటును ఒకే పలకతో చేయకండి. నాలుగంగుళాల పలకలు ఐదు తీసుకుని, అంచుల్ని మూడు డిగ్రీల వాలులో చిత్రిక పట్టి అతికితే సీటు ముందే కాస్త దోనెలా వస్తుంది. తీయాల్సిన పల్లంలో సగం పని అక్కడే అయిపోతుంది.

రెండు వైపులూ సమంగా రావాలంటే కంటిని నమ్ముకోవద్దు. సీటు నడుమ గీత కొట్టి, రెండంగుళాలకు ఒక అడ్డగీత గీయండి. ప్రతి అడ్డగీతకూ సగం వంపు ఆకారం అట్టముక్క మీద కోసుకోండి. అదే అట్ట తిప్పి పెడితే రెండోవైపుకు సరిపోతుంది. గీతలు కలిసేచోటల్లా బర్మా బిట్టుకు టేపు చుట్టి, కావలసిన లోతుకు రెండు మి.మీ. తక్కువగా బెజ్జాలు వేయండి. ఇక బాడిసతోనో గుండ్రటి ఉలితోనో బెజ్జం అడుగు కనిపించేదాకా చెక్కుతూ పోవడమే. బెజ్జాల అడుగులు చిన్న చుక్కలుగా మిగిలినప్పుడు ఆగండి. మిగతాది గుండ్రటి చిత్రిక, గోకుడు రేకుల పని.

ఉలి పల్లంలోకి రెండు వైపులనుంచీ దిగాలి, అడుగునుంచి పైకి తోయకూడదు. పైనుంచి దిగేటప్పుడు పొట్టు చుట్టలు చుట్టుకుని వస్తుంది. ఎదురు నారలో పడగానే శబ్దం మారి, చిటుక్కుమంటూ పెచ్చు లేస్తుంది. ఆ చప్పుడు వినగానే ఆపి, సీటు రెండో పక్కకు వెళ్లి పట్టండి.

చివర్లో గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును సీటు మీద దాదాపు పడుకోబెట్టి చూడండి. పగటి వెలుతురులో కనబడని గుంటలు నీడలై తేలతాయి. ఆ తర్వాత కళ్లు మూసుకుని అరచేయి ఆనించి చూడండి. అరచేతికి తగిలే ఎత్తుపల్లం కూర్చున్నవాళ్లకీ తగులుతుంది.

గ్రైండర్‌తో పల్లం తీసేవారికి ఒక హెచ్చరిక. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల వేగం దాకా తిరుగుతుంది. బిళ్ల మీద రాసిన వేగం అంతకంటే ఎక్కువ ఉండాలి. గొలుసు రంపం పళ్లలాంటి బిళ్లలు వాడొద్దు. అవి చెక్కలో కరిచి, మిషన్‌ను మనమీదికే ఎగదోస్తాయి. గరుకు కార్బైడ్ బిళ్ల నిదానంగా తింటుంది కానీ మాట వింటుంది.

ప్రశ్న: అర్ధచంద్రంలా వంచి చెక్కిన కుర్చీ చేయి, వాడిన ఆరు నెలలకే వంపు దగ్గర పుటుక్కున విరిగింది. మంచి టేకే, రెండంగుళాల మందం. తప్పెక్కడ? – వరంగల్

జవాబు: మందంలో లేదు, నారలో ఉంది. విరిగిన ముఖం చూడండి. పీచులు పీచులుగా లేచి ఉండదు, బిస్కెట్టు విరిగినట్టు నున్నగా ఉంటుంది. మీరు నార తిన్నగా ఉన్న పలకమీద వంపు గీసి కోశారు. వంపు మధ్యలో నార చేయి పొడవునా పోతుంది. కొసలకు వచ్చేసరికి చేయి పక్కకు తిరుగుతుంది, నార మాత్రం తిన్నగా బయటికి పోతుంది. అక్కడ చేయిని పట్టి ఉంచేది రెండు మూడంగుళాల పొట్టి నారే.

నార ముక్క అంచుకు పది అంగుళాలకు ఒక అంగుళం చొప్పున వాలితే వంగినప్పుడు తట్టుకునే బలం దాదాపు 81 శాతానికి, ఒక్కసారిగా పడే దెబ్బను తట్టుకునే బలం 62 శాతానికి దిగుతుంది. ఐదుకు ఒకటి వాలితే అవి దాదాపు 55, 36 శాతం. కుర్చీ చేయి మీద పడేది నెమ్మదైన బరువు కాదు. లేచేటప్పుడు అరచేత్తో ఒక్క ఊపున నొక్కుతాం. అందుకే ఆ రెండో అంకెను చూసుకోవాలి.

దీనికి మూడు దారులున్నాయి. కొమ్మ చీలేచోటి కలప దొరికితే అందులో నారే వంగి ఉంటుంది, వంపు గీతను దాని వెంట నడిపించండి. దొరక్కపోతే వంపును రెండు మూడు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క నారనూ వంపుకు వాటంగా తిప్పి, బెజ్జం–కుసితో (ఒక ముక్కలో బెజ్జం, రెండోదానికి అందులో దూరే కుసి) అతకండి. మూడోది పలచటి పట్టీల దారి. మూడు మి.మీ. పట్టీలు తొమ్మిది కోసి, వంపు అచ్చు మీద జిగురుతో కలిపి బిగిస్తే నార మొత్తం వంపు వెంటే పోతుంది. ఊగుడు కుర్చీ పట్టాలకు ఈ మూడో దారే నమ్మకమైనది. దీనికి తెల్ల ఫెవికాల్ రకం జిగురు వద్దు, ఎపాక్సీ వాడండి. వంగి ఎప్పుడూ లాగుతూ ఉండే పట్టీల మధ్య తెల్ల జిగురు ఏళ్లమీద మెల్లగా జారుతుంది, వంపు విప్పారుతుంది. అచ్చులోంచి 24 గంటల తర్వాతే తీయాలి.

విరిగిన చేయిని అతికి మళ్లీ వాడకండి. పొట్టి నార చివరల్లో జిగురు పట్టు తక్కువ.

ప్రశ్న: టేకు అతుకులు ఏడాదికే ఊడి వస్తున్నాయి. మామిడి చెక్కకు ఇదే జిగురు బాగా పట్టింది. – ఖమ్మం

జవాబు: టేకులో సహజంగా నూనె, మైనంలాంటి పదార్థాలున్నాయి. చిత్రిక పట్టిన ముఖాన్ని రెండు రోజులు వదిలేస్తే అవి పైకి తేలి జిగురును చెక్కలోకి దిగనివ్వవు. అతికే రోజే చిత్రిక పట్టండి, గుడ్డను ఎసిటోన్‌లో తడిపి గుడ్డకు పసుపు రంగు అంటడం తగ్గేదాకా తుడవండి, అది ఆవిరైన పావుగంటలోపే అతకండి. ఎసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. టేకులో ఇసుకలాంటి సిలికా కూడా ఉంటుంది, ఉలి త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు చిత్రిక చెక్కను కోయదు, నలిపి నున్న చేస్తుంది. ఆ నలిగిన పొర మీద ఏ జిగురూ నిలవదు.

ప్రశ్న: పలకలు ఒకదానిమీద ఒకటి అతికి, పెద్ద దిమ్మ చేసి అందులోంచి స్టూలు చెక్కాలని ఉంది. దిమ్మ పగలకుండా ఏం చేయాలి? – విశాఖపట్నం శిల్పకళా విద్యార్థిని

జవాబు: అమెరికాలో వెండెల్ కాజిల్ (1932–2018) 1960ల్లో సామానుకు తెచ్చిన పద్ధతి ఇది. దిమ్మనంతా పట్టుకుని చెక్కడం కాదు, చెక్కబోయే ఆకారానికి దగ్గరగా పలకల్నే ముందు కోసుకోవడం ఇందులో కిటుకు.

స్టూలు బొమ్మను మట్టితో చిన్నగా చేసి, ముక్కలు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క ఆకారాన్నీ పెద్దది చేసి, అంగుళం మందం పలక మీద గీసి, బయట అర అంగుళం వదిలి కోయండి. ప్రతి పొరనూ ఉంగరంలా లోపల బోలుగా ఉంచండి, గోడ మందం రెండంగుళాలు చాలు. నిండు దిమ్మలో లోపలి తేమ, బయటి తేమ ఎప్పటికీ ఒకటి కావు, అందుకే పగుళ్లు వస్తాయి. బోలుగా ఉంటే బరువూ తగ్గుతుంది.

పొరలన్నిటి నారా ఒకే దిక్కుకు ఉండాలి. ప్లైవుడ్‌లా ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే బలమొస్తుందని అనుకుంటారు. అంగుళం మందం పొరలకు అది ప్రమాదం. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుని, ఒక వానాకాలం, ఒక వేసవి దాటేసరికి జిగురు గీత తెరుచుకుంటుంది. ఒకేసారి రెండు మూడు పొరలకు మించి అతకకండి. జిగురు తడిగా ఉన్నప్పుడు పొరలు సబ్బుబిళ్లల్లా జారతాయి. ఆరంగుళాలకొక క్లాంపు చొప్పున బిగించి, అంచంతా సన్నగా జిగురు పూసలు తేలాయో లేదో చూడండి. పూసలు లేనిచోట లోపల ఖాళీ ఉన్నట్టే.

ప్రశ్న: పుదుచ్చేరిలో గోల్కొండ్ భవనం చూసినప్పుడు నకషిమా పేరు విన్నాను. ఆయన బల్లల్లా చెట్టు అంచును అలాగే ఉంచి టేకు బల్ల చేయిస్తున్నాను. పలకకు ఒక పగులుంది. – యానాం

జవాబు: అరవింద ఆశ్రమం వారి ఆ వసతి గృహానికి నమూనా వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్‌ది. 1930ల చివర అక్కడే ఉండి పని చూసినవారిలో, తర్వాత అమెరికాలో చెక్కసామానుకు పేరుపొందిన జార్జ్ నకషిమా (1905–1990) ఒకరు. దానికి డబ్బు హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా అందింది, గోల్కొండ పేరు అందుకే వచ్చింది.

పగులును లప్పంతో పూడ్చొద్దు, వానాకాలంలో ఉబ్బి బయటికి తోసేస్తుంది. డమరుకం ఆకారం ముక్కతో కట్టండి. రెండంగుళాల పలకకు ముక్క నాలుగంగుళాల పొడవు, కొసల దగ్గర రెండు, నడుమ ఒకటి, లోతు ముప్పావు అంగుళం. ముక్క నార పగులుకు అడ్డంగా పోవాలి. పగులు వెంట పోతే ముక్కే నడుమకు చీలుతుంది. ముందు ముక్క చేసి, దాన్ని పలక మీద పెట్టి కత్తి మొనతో గీసి, గీత లోపలే ఉలి దించండి. ఒకటి పగులు నోటి దగ్గర, ఇంకొకటి కొసకు మూడంగుళాల ముందు చాలు.

బల్లను కాళ్లకు బిగించే తీరు అంతకంటే ముఖ్యం. 30 అంగుళాల వెడల్పు టేకు పలక, తేమ నాలుగు శాతం మారితే దాదాపు ఆరు మి.మీ. కదులుతుంది. కాళ్ల చట్రంలో బెజ్జాలు గుండ్రంగా కాక, అడ్డంగా 12 మి.మీ. పొడవు గాడిలా తీసి, వాషరు వేసి బిగించండి. బిగదీసి కదలనివ్వకపోతే పలక కొత్త పగులు తీసుకుంటుంది.

ప్రశ్న: చెక్కిన కుర్చీకి అవిసె నూనె పూసి నెలైంది, ఇంకా జిగటగానే ఉంది. – గుంటూరు

జవాబు: పచ్చి అవిసె నూనె వాడి ఉంటారు, అదీ మందంగా. టేకులోని నూనె దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో రుద్ది జిగటంతా తీసేయండి, వారం ఆగండి. తర్వాత డ్రయ్యర్లు కలిపిన, బాయిల్డ్ అనే అవిసె నూనె ఒక వంతు, పాలీయురేథేన్ వార్నిష్ ఒక వంతు, టర్పెంటైన్ ఒక వంతు కలిపి పలచగా పూయండి. పావుగంట ఆగి, చెక్క పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. రోజుకొక పూత, నాలుగు పూతలు. దీనికి ముందు ఉప్పుకాగితం 80, 120, 180, 220 వరసలో పట్టి, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును 320తో తీయాలి. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె పూయొద్దు. అవి గట్టిపడవు, దుమ్ము పట్టి నల్లబడతాయి.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డనూ విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లున్న ఇనప డబ్బాలో ముంచి మూతపెట్టండి.

ప్రశ్న: స్క్రూ తలలు కప్పే బిళ్లలకూ అలంకారానికీ ఎర్రచందనం ముక్కలు తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. కొనొచ్చా? – కడప

జవాబు: అటవీ శాఖ కాగితాలు లేకుండా చిన్న ముక్క కూడా కొనొద్దు, కేసవుతుంది. నల్లటి బిళ్లే కావాలంటే చేవ ఉన్న నల్లతుమ్మ ముక్కకు ఇనుప ద్రావణం పట్టించండి. పాత ఇనుప పీచును వెనిగర్‌లో వారం నానబెట్టి వడకడితే ఆ ద్రావణం తయారవుతుంది. తుమ్మలోని వగరుతో కలిసి ఆ ఇనుము చెక్కను నల్లగా చేస్తుంది. నలుపు పైపొరకే పడుతుంది కాబట్టి బిళ్ల కొట్టి, చెక్కి, నున్న చేశాకే కుంచెతో అద్దండి. ద్రావణం పక్కన టేకు మీద పడితే అక్కడా మరక పడుతుంది. అందుకని బిళ్ల చుట్టూ ముందే టేపు అంటించండి.